తుపాను నడిమి వేడి

అమ్మ పోయాక నన్ను పెంచింది మా మావ. అమ్మకి సొంత తమ్ముడు. అప్పటికి నాకు మాటలు కూడా సరిగ్గా రాలేదట. నాన్న వేరే పెళ్ళి చేసుకుని బొబ్బిలి వైపు వెళ్ళిపోయాడు. మావకీ అత్తకీ పిల్లల్లేరు. అందుకని నన్ను తెచ్చుకోవడం వాళ్ళకి బరువనిపించలేదని అత్త ఎప్పుడూ అంటుండేది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, సముద్రం హోరు వినిపించేంత దూరంలో వాళ్ళ తోట. ఆ తోటలోనే ఇల్లు. పైన కొబ్బరి, దాని కింద పనస, మామిడి, జీడి, వాటి నీడన అరటి, పసుపు, అనాస. ఇంటి చుట్టూ ఎండ నేలని తాకే చోటు వెతుక్కోవాల్సి వచ్చేది. వడియాలు ఎండబెట్టాలంటే అత్త చాపా గిన్నే పట్టుకుని రోడ్డు దాకా పోయి, కాకుల్ని తోలుకుంటూ కూర్చునేది.

నేను ఫిజిక్సు చదివాను. విజయనగరంలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరాను. కొత్తవలసలో అద్దెకుంటూ రోజూ రైల్లో వెళ్ళొచ్చేదాన్ని. కొన్నేళ్ళు అలా గడిచాక, ఇక చాలా ఆలస్యమైందని అందరూ అనుకుంటున్న వయసులో పరిశోధనకి పేరు రాయించుకున్నాను. ఉపగ్రహాలు మైక్రోవేవుల్లో తీసే కొలతల నుంచి పైవాతావరణం ఉష్ణోగ్రతని రాబట్టడం నా విషయం. దాని గురించి మావకి మొదటిసారి చెప్పింది ఒక వేసవిలో, ఇద్దరం తోటలో జీడిపళ్ళు ఏరుతున్నప్పుడు.

"ఇంతకీ నువ్వు సదివేదేటే గుంటా?" అని అడిగాడు.

"పైన గాలి ఎంత వేడిగా ఉన్నాదో కొలవడం మావా."

"అంత పైకి ఎవులెల్తారు?"

ఎవరూ వెళ్ళక్కర్లేదని చెప్పాను. గాలిలో ఉన్న ఆక్సిజను ఊరుకోదు, తన వేడిని బట్టి ఎప్పుడూ సన్నగా ఒక తరంగాన్ని వదులుతూనే ఉంటుంది, రేడియో తరంగం లాంటిదే, కాకపోతే ఇంకా పొట్టిది. ఉపగ్రహం మీద ఉన్న పరికరం దాన్ని పట్టుకుంటుంది. గాలి వేడిగా ఉంటే ఆ సంకేతం బలంగా ఉంటుంది, చల్లబడితే నీరసిస్తుంది. అయితే ఏ ఎత్తులో గాలి వేడో ఎలా తెలుస్తుందని ఆయన అడగలేదు గానీ, నాకే చెప్పాలనిపించింది. తలెత్తి పైకి చూపించాను. మన తోట మీద కాకి ఎగురుతోందనుకో, ఒత్తుగా ఉన్న చోట దానికి కొబ్బరి మట్టలే కనిపిస్తాయి, కొంచెం పలచగా ఉన్న చోట జీడి ఆకు కనిపిస్తుంది, ఇంకా పలచనైతే నేల కనిపిస్తుంది అన్నాను. తరంగాలూ అంతే. కొన్నింటిని ఆక్సిజను బాగా పీల్చేసుకుంటుంది. వాటిల్లో చూస్తే పై పొర సంగతి మాత్రమే తెలుస్తుంది. తక్కువగా పీల్చుకునే వాటిల్లో చూస్తే ఇంకా కిందికి తెలుస్తుంది. అలా ఒక్కో తరంగానికి ఒక్కో ఎత్తు.

మావ చేతిలో ఉన్న పండు నుంచి పిక్కని మెలిపెట్టి తీసి బుట్టలో వేశాడు. కొంచెం ఆలోచించాడు.

"మరి మబ్బో? మబ్బు అడ్డొస్తాది గదా."

"మామూలు ఫోటోలకి అడ్డొస్తాది. దీనికి పెద్దగా అడ్డు కాదు. జోరువాన ఉంటే కొంచెం తికమక పెడతాది గానీ, మబ్బు లోపలి సంగతి తెలుస్తాది."

"తుపాను మబ్బైనా?"

"తుపాను మబ్బైనా."

"అయితే మంచి పనే," అన్నాడు. అంతకు మించి ఆయన నన్ను ఎప్పుడూ మెచ్చుకోలేదు.

తుపానుల మీద పనిచేద్దామని నాకనిపించడానికి ఆ మాట కొంత కారణం అయి ఉండొచ్చు. మా ప్రొఫెసరు గారు వేరే ఊళ్ళో ఉండేవారు. వారానికొకసారి ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. బంగాళాఖాతంలో పుట్టిన తుపానుల నడిమి భాగం పైన ఎంత వేడిగా ఉంటుందో చూడమని ఆయనే దారి చూపించారు. బలమైన తుపాను నడిమధ్యన, విమానాలు ఎగిరే ఎత్తులో, గాలి చుట్టుపక్కల గాలి కంటే వేడిగా ఉంటుంది. సముద్రం నుంచి లేచిన ఆవిరి నీరుగా మారేటప్పుడు వదిలిన వేడి అది. తుపాను కన్ను, అంటే నడుమ మబ్బు లేని ఖాళీ, దాని లోపల కిందికి దిగే గాలి కూడా వేడెక్కుతుంది. పైన గాలి ఎంత వేడెక్కితే అంత తేలికవుతుంది. అంత మేరకి కింద సముద్రం మీద ఒత్తిడి పడిపోతుంది. అప్పుడు చుట్టూ ఉన్న గాలి లోపలికి ఉరుకుతుంది. కాబట్టి పైనున్న వేడిని కొలిస్తే, కింద గాలి ఎంత కొట్టబోతోందో ఒక అంచనా వస్తుంది. చిత్రంలో ఆ వేడి ఒక ఎర్రటి మచ్చగా తేలుతుంది. ఓడలు పోలేని చోటు సంగతి ఆ మచ్చ చెబుతుంది.

నాకు సమాచారం అందేసరికి ఉపగ్రహం వెళ్ళిపోయి చాలాసేపవుతుంది. హెచ్చరికలు ఇచ్చే వాళ్ళు వేరు, వాళ్ళ ఏర్పాట్లు వేరు. నేను చేసేది అంతా అయిపోయాక నేర్చుకునే పని. ఆ సంగతి ముందే చెప్పుకోవాలి. ఒక ఏడాది వర్షాలు తగ్గుముఖం పట్టే రోజుల్లో సముద్రంలో వాయుగుండం పుట్టి తుపానైనప్పుడు, నేను ఏదో కనిపెట్టి ఎవరినో కాపాడలేదు. టీవీలో అప్పటికే చెబుతున్నారు, ఊళ్ళలో మైకులు తిరుగుతున్నాయి.

అయినా ఆ మధ్యాహ్నం కాలేజీ కంప్యూటరు మీద ఆ మచ్చ తేలినప్పుడు నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. అప్పటిదాకా నేను చూసినవన్నీ పాత తుపానులు. అవి ఎక్కడ ఒడ్డెక్కాయో, ఎంతమందిని ముంచాయో అన్నీ తెలిసినవి. ఇది ఇంకా సముద్రంలోనే ఉంది. పొద్దుటి చిత్రంలో పలచగా ఉన్న రంగు ఈ చిత్రంలో ముదిరింది. అంటే బలం పుంజుకుంటోంది. దాని దారి గీసి చూస్తే మా ఉద్దానం వైపే ఉంది.

మావకి ఫోన్ చేశాను.

"మైకులో ఆళ్ళూ సెప్పీసినారే, ఊరంతా బడికి ఎలిపోమని," అన్నాడు. "మీ అత్తే కదలనంటోంది. ఆవుల్నొగ్గీసి రాదంట."

"ఆవుల పలుపులు విప్పీయండి మావా. కట్టీసి మాత్రం ఉంచొద్దు. నువ్వూ అత్తా బడికెలిపోండి. ఇది మామూలుది కాదు."

"నీ దాంట్లో కనిపించినాదా?"

"కనిపించినాది. బాగా వేడిగా ఉన్నాది నడిమధ్యన."

ఫోన్లో అటు వైపు తోటలో ఎవరో గొడ్డలితో కొడుతున్న చప్పుడు వినిపించింది.

"అయితే ఎల్తాం. నువ్వు సెప్పినావని సెప్తే మీ అత్త కూడా వస్తాది. మరి చెట్లకేటి సెయ్యాల?"

కనుక్కుని చెబుతానన్నాను. వ్యవసాయం తెలిసిన ఒక సహోద్యోగిని అడిగి మళ్ళీ ఫోన్ చేశాను. ముదిరిన కాయలు దింపేయమనీ, కింది మట్టలు నరికేస్తే గాలి పట్టు తగ్గుతుందనీ ఆయన చెప్పారు. అదే మావకి చెప్పాను. కొబ్బరి ఎక్కేవాళ్ళంతా ఎవరి ఇళ్ళు వాళ్ళు సర్దుకోవడానికి పోయారట. మావే నడుముకి తాడు కట్టుకుని ఎక్కాడు. ఇంటిని ఆనుకున్న నాలుగైదు చెట్లకి మించి చేయలేకపోయాడని తర్వాత అత్త చెప్పింది. గాలి లేచేదాకా చెట్టు దిగలేదనీ, కింద నిలబడి తను ఏడుస్తూ తిట్టిందనీ చెప్పింది.

చీకటి పడే వేళకి వాళ్ళు బడికి చేరినట్టు కబురు అందింది. ఆ తర్వాత ఫోన్లు పనిచేయలేదు.

తెల్లారేసరికి కొత్తవలసలో కూడా గాలివాన ఉంది గానీ, చెప్పుకోదగ్గంత కాదు. రైళ్ళు ఆగిపోయాయి. నేను ఇంట్లోనే కూర్చుని, కొత్త చిత్రం రాగానే తెరిచాను. తుపాను ఒడ్డెక్కి లోపలికి పోయింది. కొండలకి తగిలాక దాని పైనున్న వేడి చెదిరిపోయి, ఆ మచ్చ పలచబడి చుట్టూ ఉన్న రంగులో కలిసిపోయింది. పైన అంతా సర్దుకుంది. ఆ చిత్రం చూసిన వాళ్ళెవరూ అక్కడ ఏదో జరిగిందని అనుకోరు. మావకి ఫోన్ కొడుతూనే ఉన్నాను. అందుబాటులో లేరని అదే గొంతు, అదే మాట.

దారులు తెరిచారని తెలిసిన పొద్దున్నే బస్సెక్కాను. శ్రీకాకుళం దాకా పర్వాలేదు. టెక్కలి దాటాక కరెంటు స్తంభాలు రోడ్డు మీదికి వంగి ఉన్నాయి. పలాస దగ్గర దిగి, ఒక ఆటో తీసుకెళ్ళినంత దూరం వెళ్ళి, అక్కడి నుంచి నడిచాను. మా ఊరి దారి నాకు గుర్తు తెలియలేదు. చిన్నప్పటి నుంచి ఆ దారి నాకు నీడే. ఎక్కడ పనస పెద్దదో, ఎక్కడ మామిడి కొమ్మ తలకి తగులుతుందో, దాన్ని బట్టి నడిచేదాన్ని. ఇప్పుడు ఆకాశం మొత్తం తెరుచుకుని ఉంది. సముద్రం కనిపిస్తోంది. మా ఊరి నుంచి సముద్రం వినిపించడమే తప్ప కనిపించడం నేను ఎరగను.

బడి వరండాలో అత్త పొయ్యి రాజేస్తూ కనిపించింది. నన్ను చూసి లేచింది. "తిన్నావా?" అని అడిగింది. నేను తలూపాను. తినలేదు, కానీ తలూపాను. "మీ మావ తోటలో ఉన్నాడు. వద్దన్నా ఎలిపోయినాడు. పిలుసుకురా, ఇంత గంజైనా తాగుతాడు," అంది.

తోట లేదు. కొబ్బరి చెట్లన్నీ ఒకే వైపు తలపెట్టి పడుకుని ఉన్నాయి. కొన్ని సగానికి విరిగి, మొండాలు నిలబడ్డాయి. జీడి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయి, ఒక్కో వేరు గుత్తి కింద ఒక్కో గొయ్యి పడి, ఆ గోతుల్లో నీళ్ళు. ఇంటి పెంకులు చెదిరిపోయాయి గానీ గోడలు నిలిచాయి. మావ పడిపోయిన పనస మాను మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చాడు. కూర్చున్నాను.

ఎక్కడో దూరంగా రంపం చప్పుడు. పచ్చి ఆకు, విరిగిన కొమ్మల జిగురు కలిసిన వాసన గట్టిగా కొడుతోంది.

"నువ్వు సెప్పినట్టే వచ్చింది," అన్నాడు.

"అత్త బాగుంది కదా మావా. ఊళ్ళో అందరూ బాగున్నారంట."

"అవును. మనుషులం మిగిలీసినాం. ఆవులు కూడా వచ్చీసినాయి. అదే సెప్పుకోవాల." తను కూర్చున్న మాను కొస వైపు అరచేత్తో నిమిరాడు. "ఇది మా తాత ఏసింది. దీన్నెప్పుడూ ఇలగ తాకనేదు. అంత పైకి ఎవులు తాకుతారు."

నెలల తరబడి నరకడమే పని. కోసిన మానుల్ని లారీల్లో ఎక్కించుకుపోయారు. ఎంతకి పోయాయని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. ఒక్కో చెట్టూ తరలిపోయినప్పుడల్లా మావ ఆ చోట నిలబడి చూసేవాడట, తర్వాత గోతిని మట్టితో పూడ్చేవాడట. శని ఆదివారాలు నేను వెళ్ళినప్పుడు ఇంట్లో వెలుతురు ఎక్కువగా ఉండి కళ్ళు చికిలించాల్సి వచ్చేది. వేసవి రాగానే అసలు సంగతి తెలిసింది. ఆ ఇల్లు కట్టింది నీడలో ఉండటానికి. తక్కువ ఎత్తు పెంకులు, చిన్న కిటికీలు. నీడ పోయాక అది పొయ్యిలా కాలింది. "ఎండ ఇంట్లోకొచ్చి కూకుండిపోనాదే, పొమ్మంటే పోదు," అనేది అత్త. వాకిట్లోనే వడియాలు ఎండబెట్టుకోవచ్చు ఇప్పుడు. ఆ ఏడు ఆమె వడియాలు పెట్టలేదు.

మావ మొక్కలు తెచ్చి నాటాడు. కొబ్బరి మొక్కలు ఊరందరికీ పంచారు, ఆయన వాటా ఆయనకి వచ్చింది. జీడి అంటుమొక్కలు కూడా తెచ్చాడు. కొబ్బరి కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, చెట్టు నిండుగా కాయాలంటే ఇంకా ఏళ్ళు. ఆయన వయసుకి అది ఎంతో ఆయనకి తెలుసు. దాని గురించి మాట్లాడేవాడు కాదు. పగలంతా మొక్కల మధ్య ఉండేవాడు, వచ్చి మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. అంతకుముందు ఊళ్ళో ఎవరింట్లో పెళ్ళయినా పందిరి వేసేది ఆయనే, గొంతెత్తి మాట్లాడేదీ ఆయనే. ఇప్పుడు పక్కింటి వాళ్ళొచ్చి కూర్చున్నా ఊఁ అనడమే. ఆయన్ని ఊరికే పలకరించడానికి కూడా జనం వెనకాడటం మొదలుపెట్టారు.

ఆ తుపాను మీద నేను వ్యాసం రాశాను. పరిశోధనలో నా పేరు ముందుగా వచ్చిన మొదటి వ్యాసం అది. ఒడ్డెక్కే ముందు నడిమి వేడి ఎలా పెరిగిందో, దాన్నుంచి గాలి వేగం ఎంత దగ్గరగా అంచనా కట్టవచ్చో చూపించాను. మా ప్రొఫెసరు గారు మంచి పని అన్నారు. నేను ఆ చిత్రాన్ని రంగుల్లో అచ్చు వేయించి, ఊరికి వెళ్ళినప్పుడు తీసుకెళ్ళాను. ఎందుకు తీసుకెళ్ళానో సరిగ్గా చెప్పలేను. తన తోటని తీసుకుపోయినదాని రూపం ఆయన చూడాలనుకున్నానేమో.

మావ గుమ్మంలో వెలుగుకి తిప్పి పట్టుకుని చూశాడు. ముదురు ఎరుపు మచ్చ మీద వేలు పెట్టాడు.

"ఇదేనా?"

"ఇదే మావా."

"నిప్పుకణికలాగ ఉన్నాది." కాగితాన్ని ఇంకా దగ్గరగా పట్టుకున్నాడు. "మరి దీంట్లో మన తోటేదే?"

ఒడ్డు గీతని చూపించాను. దాని పక్కన ఒక చిన్న చదరపు గడి. ఉపగ్రహం అంత ఎత్తు నుంచి చూసేటప్పుడు ఒక్కో కొలతలో చాలా మైళ్ళ మేర ఒకేసారి పడుతుంది, దాన్నంతా కలిపి ఒక్క రంగుగా వేస్తాం. "మన ఊరూ, పక్క ఊళ్ళూ, ఇటు రోడ్డూ, అటు సముద్రం కొంతా, అన్నీ ఈ ఒక్క గడిలోనే," అని చెప్పాను.

మావ నవ్వాడు. తుపాను తర్వాత ఆయన నవ్వడం నేను చూసింది అదొక్కసారే. లోపలికి తిరిగి, "ఒసే, ఇలగ రాయే. ఊరందరం ఒకే గడిలో ఉన్నాం, సూడు," అని అత్తని పిలిచాడు. అత్త చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసి, "ఈ ఎర్రదేటి?" అంది. "మన తోటని తినీసింది," అన్నాడు. ఆమె కాగితాన్ని తిరిగి నా చేతికిచ్చి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

తర్వాతి ఏడు వేసవి అంతకంటే గట్టిగా వచ్చింది. రోహిణి కార్తె ఇంకా రాకముందే గాలి మంటలా కొట్టేది. నాటిన మొక్కల్లో చాలా భాగం వాడిపోయాయి. బావిలో నీళ్ళు కిందికి పోయి, బురద వాసన కొట్టేవి. నేను ఫోన్లో ప్రతిసారీ ఒకటే చెప్పేదాన్ని, మిట్టమధ్యాహ్నం బయటికి పోవద్దని.

"పొద్దున్న పోసిన నీళ్ళు మద్దేనానికే ఇగిరిపోతన్నాయే," అన్నాడు ఒకనాడు. "ఇంకోపాలి తడపకపోతే బతకవు."

"మొక్కలు పోతే మళ్ళీ తెచ్చుకుందాం మావా."

"మళ్ళీనా," అన్నాడు. అంతే అన్నాడు. కోపంగా అనలేదు. ఆ మాటని నోట్లో వేసుకుని రుచి చూసినట్టుగా అన్నాడు. తర్వాత నా ఆరోగ్యం అడిగి పెట్టేశాడు.

అదే మా ఆఖరి మాట. మూడో నాలుగో రోజున, క్లాసులో ఉండగా అత్త ఫోన్ చేసింది. మధ్యాహ్నం అన్నానికి రాకపోతే వెతుక్కుంటూ పోయిందట. జీడి అంట్ల మధ్య, బిందె పక్కన పడి ఉన్నాడట. ఒళ్ళు కాలిపోతోందని, చెమట లేదని, పిలిస్తే తనని అక్కా అని పిలిచాడని చెప్పింది. అక్కా అంటే మా అమ్మ. పక్కింటి వాళ్ళు తడిగుడ్డలు చుట్టి ఆటోలో ఎక్కించారు. నేను రైల్లో ఉండగానే మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి అత్త కాదు. పక్కింటాయన. "వడదెబ్బమ్మా. దార్లోనే..." అన్నాడు. పొందూరు స్టేషన్లో రైలు ఆగి ఉంది. ఎదుటి సీటులో ఉన్న పెద్దావిడ నా మొహం చూసి, ఏమీ అడగకుండా తన నీళ్ళ సీసా నా వైపు తోసింది.

ఆయన్ని దించడానికి నీడ కోసం చూశారు. ఇంటి చుట్టూ ఎక్కడా లేదు. చివరికి నాలుగు గుంజలు పాతి, పైన చీరలు కట్టారు. ఊళ్ళో అందరి పందిళ్ళూ వేసిన మనిషికి ఎవరో తెలిసీ తెలియని చేతులతో వేశారు. గాలికి ఒక మూల ఊడిపోతుంటే ఒకాయన పట్టుకుని నిలబడ్డాడు, అంతా అయ్యేదాకా.

నేను కొత్తవలస తిరిగి వచ్చాక కొన్నాళ్ళు ఏ పనీ చేయలేకపోయాను. క్లాసులు చెప్పేదాన్ని. కంప్యూటరు తెరిచి, మూసేసేదాన్ని. వర్షాలు మొదలయ్యాక మా ప్రొఫెసరు గారు ఫోన్ చేసి, తుపానుల మీద పెద్ద పని ఒకటి రాబోతోందనీ, అందులో నన్ను చేర్చుకుంటామనీ చెప్పారు. నాకు తుపానులు వద్దన్నాను. మావ సంగతి ఆయనకి తెలుసు.

"మరేం చేద్దామనుకుంటున్నారమ్మా?"

"ఇంకా పైకి వెళ్తాను సార్. పై పొరలు."

తుపాను మబ్బులు కూడా చేరని ఎత్తు అది. అక్కడ వాన లేదు, మబ్బు లేదు, దాదాపు గాలి కూడా లేదు. ఆక్సిజను బాగా పీల్చుకునే తరంగాల్లో మాత్రమే ఆ ఎత్తుల సంగతి తెలుస్తుంది. ఆ పని చాలా నెమ్మది. ఒక ఉపగ్రహం పాతబడి పోతుంది, ఇంకొకటి వస్తుంది, రెండింటి కొలతలూ సరిగ్గా కలవవు. రోజులు గడిచే కొద్దీ ఉపగ్రహం ఒక చోటి మీదుగా పోయే వేళ మెల్లిగా జరుగుతుంది. పొద్దున చూసేది కాస్తా మధ్యాహ్నానికి వచ్చేస్తుంది. దాన్ని సరిచేయకపోతే వాతావరణమే మారినట్టు కనిపిస్తుంది. పరికరం ప్రతి చుట్టుకీ ఒకసారి ఖాళీ ఆకాశం వైపూ, ఒకసారి తనలోనే ఉన్న, వేడి తెలిసిన దిమ్మ వైపూ చూసి తనని తాను సరిచూసుకుంటుంది. అయినా తప్పులు దూరతాయి. ఆ తప్పుల్ని ఒక్కొక్కటే తీసేసి, పాత కొలతల్నీ కొత్త కొలతల్నీ అతికి, ఏళ్ళ పొడవునా పైగాలి ఏమైందో చూడాలి. చూస్తే అది చల్లబడుతోంది. కింద మనల్ని వేడెక్కించే వాయువులే ఆ ఎత్తున చలువ చేస్తాయి. ఇది నేను కనిపెట్టింది కాదు, అందరికీ తెలిసినదే. నా వంతు ఏళ్ళ పొడవునా ఆ చల్లబడటాన్ని చూపే గీతలో ఒక చిన్న ముక్క సరిచేయడం. ఇంకా అదే చేస్తున్నాను.

అత్తని నా దగ్గరికి వచ్చేయమన్నాను. కొత్తవలసలో రైళ్ళ చప్పుడు పడదంది. పాతపట్నంలో ఆమె అన్నగారి ఇంట్లో ఒక గది ఉంది, అక్కడికి వెళ్ళింది. తోట నేలని పక్కింటాయనకే ఇచ్చేసింది. ఆయన సరుగుడు వేశాడు, తొందరగా ఎదుగుతుందని. ఆమె ఆ నేల చూడటానికి ఇప్పటిదాకా వెళ్ళలేదు. నేను వెళ్ళి చూసి రానా అని ఒకసారి అడిగితే, "నీ ఇష్టం. నాకొచ్చి సెప్పకు," అంది.

మొన్న దసరా సెలవుల్లో పాతపట్నం వెళ్ళాను. అత్త చిక్కిపోయింది. పొద్దున్నే ఆవిడ వదినగారు బజారుకి పోయారు, ఇద్దరమే మిగిలాం. అరుగు మీద కూర్చుని చాటలో పోసుకున్న బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. నేను పక్కన కూర్చుని నాలుగు గింజలు చేతిలోకి తీసుకున్నాను. ఆమె చూపు ఇప్పుడు సరిగ్గా ఆనడం లేదు. ఏరిన దాన్నే మళ్ళీ ఏరుతోంది.

"ఇప్పుడు కూడా ఆ తుపానులే సూస్తన్నావా?" అని అడిగింది. నా పని గురించి ఆమె అడగడం అదే మొదలు.

"లేదత్తా. మానీసినాను. ఇంకా పైన సూస్తన్నాను. మబ్బులకి పైన, బాగా పైన."

"అక్కడేటున్నాది?"

"ఏటీ లేదు. చలి. పలచని గాలి."

"మనుషులుంటారా కింద?"

"కింద ఉంటారు గానీ, అంత పైన జరిగేది ఇక్కడెవులికీ తగలదు."

అది పూర్తిగా నిజం కాదు. కానీ ఆమెకి అలా చెప్పాను. అత్త చాటని ఒకసారి ఎగరేసింది. పొట్టు గాలికి లేచి అరుగు మెట్ల మీద పడింది.

"అయితే అక్కడే ఉండు," అంది. మళ్ళీ తల వంచుకుని రాళ్ళు ఏరడంలో పడింది.